మంచి పంటను మామూలు పంటగా లెక్కేస్తే

కందుకూరు దగ్గర పల్లె నుంచి వెళ్లి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్న పొగాకు రైతు. 2014లో నెలకు 18 వేల జీతంతో చేరాడట. ఇప్పుడు చేతికి 1 లక్షా 90 వేలు వస్తున్నాయి. ఇంటి లోను, కారు లోను, ఒక పర్సనల్ లోను కలిపి నెలకు 95 వేలు పోతున్నాయి. ఇంకో కంపెనీ 40 శాతం ఎక్కువ ఇస్తానంటోంది. ‘అయినా 18 వేలప్పుడు ఉన్నంత హాయిగా లేను. నీకు ఆశ ఎక్కువైందిరా అంటున్నాడు నాన్న. డబ్బు పెరిగితే మనిషికి సంతోషం పెరుగుతుందా, దురాశ పెరుగుతుందా?’ అని అడిగాడు.

బాబూ, నీది మా చిన్నవాడి వయసు. అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను 1984లో బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి 2018లో మేనేజరుగా రిటైరయ్యాను. ఆ ముప్పై నాలుగేళ్లలో ఎక్కువ కాలం కోట, ముత్తుకూరు, ఇందుకూరుపేట, కందుకూరు, టంగుటూరు వైపు పల్లె బ్రాంచీల్లోనే గడిచింది. వేదాంతం నాకు రాదు. డబ్బు చేతికొచ్చిన రోజు మనుషులు ఎలా ఉంటారో, చెయ్యి జారిపోయిన రోజు ఎలా ఉంటారో మాత్రం కౌంటరు వెనక నుంచి చూశాను.

నా మాట ముందే చెప్పేస్తాను. డబ్బు సంతోషం ఇస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. దురాశ ఎప్పుడు మొదలవుతుందంటే, బాగా వచ్చిన ఒక పంటను చూసుకుని ఇక ఏటా ఇంతే వస్తుందని ఖర్చులూ అప్పులూ దాని మీద కట్టుకున్నప్పుడు. పైకి అది ఆశలాగే కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే చాలాసార్లు భయం.

డబ్బులో సంతోషం లేదని చెప్పేవాళ్లలో నాకు తెలిసిన అందరికీ ఒకటో తారీఖున జీతమో పెన్షనో పడుతూ ఉంటుంది. ఇందుకూరుపేట మండలంలో ఒకామెకు 1998లో రెండు గేదెలకు లోన్ ఇచ్చాను. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. పొద్దున్నే పాలు పోసి, మధ్యాహ్నం కూలికి వెళ్లి, మళ్లీ సాయంత్రం పాలు పోసేది. ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. లోన్ తీరిన ఏడాది నేను ఆ ఊరు వెళ్తే పిలిచి ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. దూడను చూపిస్తుందేమో అనుకున్నా. ఇటుకలతో కట్టిన బాత్రూమ్ చూపించింది. దానికి రేకు తలుపు, లోపల గొళ్లెం. ఆ గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసి చూపించింది. “ఇంక చీకటి పడేదాకా ఆగే పని లేదు సార్, పిల్లలకైనా నాకైనా” అంది. ఆ తలుపు ఖరీదు వెయ్యి రూపాయలు కూడా ఉండదు. వెయ్యి రూపాయలకు అంత సుఖం కొన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

డబ్బు లేకపోవడం బుర్రను ఎలా తినేస్తుందో చూసిన పరిశోధన ఒకటి మన పక్కనే జరిగింది. తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బులు వచ్చాక ఒకసారి చిన్న చిన్న పజిళ్లు ఇచ్చారు. ఆ ఫలితాలు 2013లో బయటికి వచ్చాయి. అదే మనిషి డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో తప్పులు ఎక్కువ చేశాడు, చేతిలో డబ్బు పడ్డాక మెరుగ్గా చేశాడు. అది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. సంతకం ఎక్కడ పెట్టాలో మూడుసార్లు చెప్పినా వీళ్లకు ఎక్కదని మా స్టాఫ్ విసుక్కునేవాళ్లు, నేనూ విసుక్కున్నాను. వాళ్ల మనసు మా ఫారం మీద ఉండేది కాదు, సాయంత్రం ఇంటి ముందుకొచ్చి నిలబడే వడ్డీవాడి మీద ఉండేది.

మరి ఎంతదాకా పెరుగుతుంది అంటావు. దాని మీద పెద్దవాళ్ల మధ్యే తగాదా నడిచింది. 2010లో డానియెల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా లెక్కలు చూసి, ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం ఇక పెరగదన్నారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే ఇంకో పరిశోధకుడు వచ్చి, లేదు, పెరుగుతూనే ఉంటుందన్నాడు. 2023లో కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలన్నీ మళ్లీ తిరగేశారు. ఎక్కువమందికి పెరుగుతూనే ఉందని, అసలే దిగులులో ఉన్న కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి దాటాక ఆగిపోతోందని తేల్చారు. పోట్లాడుకున్న ఇద్దరు పండితులు ఒకే పేపరు మీద సంతకం పెట్టడం నాకు అన్నిటికంటే నచ్చింది, మన దగ్గరైతే రెండు సంఘాలు వెలిసేవి.

అందులో నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఈ పెరుగుదల రూపాయల లెక్కన ఉండదు, రెట్లలో ఉంటుంది. 20 వేలు 40 వేలైతే వచ్చే తేడా మళ్లీ రావాలంటే లక్ష కాస్తా రెండు లక్షలు అవ్వాలి. నీకు ఇస్తామంటున్న 40 శాతం నువ్వు 18 వేల నుంచి 25 వేలకు వెళ్లినట్టు. కాగితం మీద అంకె పెద్దదిగా కనిపిస్తుంది, ఒంటికి తెలిసేది అంతే. పన్ను పోతే ఇంకా తక్కువ.

ఇక రొయ్యల సంగతికి వస్తాను, నేను అసలు పాఠం నేర్చుకున్నది అక్కడ.

1990 తర్వాత మూడు నాలుగేళ్లు నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్య రాజ్యం. ఉప్పు నేలలు, బకింగ్‌హాం కాలువ పక్క బీళ్లు, ఆఖరికి పండే వరి పొలాలు కూడా రొయ్యల గుంటలయ్యాయి. పక్కవాళ్ల బావుల్లో నీళ్లు ఉప్పెక్కాయి, ఆ ఊళ్లలో బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు ఎంత దూరం నడిచేవాళ్లో అప్పుడు ఎవరూ లెక్క కట్టలేదు. నేను కోట వైపు బ్రాంచిలో ఉన్నాను. ఒకాయన, పేరు ఎందుకులే, మూడెకరాల్లో గుంట తవ్వాడు. లక్షన్నర లోన్ మేమే ఇచ్చాం. 1993లో మొదటి పట్టుబడికి, అంటే గుంటలో రొయ్యలు పట్టి అమ్మినప్పుడు, ఖర్చులు, అప్పు పోను దాదాపు నాలుగు లక్షలు మిగిలింది. నా జీతం అప్పుడు నెలకు ఆరు వేల లోపు. నేను ఐదారేళ్లు లెడ్జర్లు రాస్తే వచ్చేది ఆయనకు ఐదు నెలల్లో వచ్చింది.

ఆ డబ్బు ఎటు పోయిందో నాకు తెలుసు, చెక్కులన్నీ మా దగ్గర్నుంచే కదా. చెల్లెలి పెళ్లికి చేసిన బాకీ తీర్చాడు. నాయనకు నెల్లూరులో కంటి ఆపరేషన్ చేయించాడు. అమ్మకు రెండు పేటల గొలుసు. గుడికి పదివేలు. ఒకరోజు బ్రాంచికి వచ్చి ప్యూను దగ్గర్నుంచి మేనేజరు దాకా తలా ఒక డబ్బా మలైకాజా పంచాడు. ఇందులో దురాశ ఎక్కడుంది? ఆ నెలలో ఆయన నడక కూడా మారింది.

రెండో పంట కూడా దండిగా వచ్చింది. అప్పుడు మాట మారింది. “ఎకరాకు లక్షా పాతిక సార్” అనడం మొదలుపెట్టాడు. అదృష్టం బాగుంటే లక్షా పాతిక అని కాదు, మనం బేసిక్ పే చెప్పుకున్నట్టు చెప్పేవాడు. ఆ లెక్క మీద పన్నెండెకరాలు లీజుకు పట్టాడు. కొంత మా బ్యాంకులో, కొంత మేత డీలరు దగ్గర అరువు, మిగతాది నెల్లూరులో నూటికి మూడు రూపాయల వడ్డీకి. మా లోన్ కాగితాల్లో ‘గత రెండు పంటల సగటు దిగుబడి’ అని నా చేత్తో నేనే రాశాను. రెండు పంటల సగటు! రెండూ మంచివే. చెడ్డ పంట ఒక్కటి కూడా చూడనివాడికి సగటు ఎక్కడిది? అది నాకు తట్టలేదు, పైన సంతకం పెట్టిన మా మేనేజరుకూ తట్టలేదు. ఆ సంవత్సరం మా బ్రాంచికి టార్గెట్ దాటినందుకు మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. కాబట్టి ఆశ ఆయన ఒక్కడిదే అని నేను ఈ రోజుకీ అనలేను.

1994 చివర్లో తెల్ల మచ్చ రోగం తీరమంతా పాకింది. నేను తనిఖీకి వెళ్లి, ఆఖరి బస్సు తప్పి, ఆయన కాపలా గుడిసెలో ఉండిపోయిన రాత్రి అది. పదకొండు గంటలకు టార్చి పట్టుకుని గట్టు మీదికి వెళ్లాం. చెక్ ట్రే పైకి లాగాడు. చెక్ ట్రే అంటే నాలుగు వైపులా తాడు కట్టిన వల పళ్లెం. దాన్లో మేత వేసి నీళ్లలోకి దించుతారు, రెండు గంటలకు తీసి చూస్తే మేత అయిపోయి ఉండాలి. ఆ రాత్రి వేసింది వేసినట్టే ఉంది. మూడు రొయ్యలున్నాయి, కదలిక లేదు. ఒకదాని తల పెంకు ఊడదీసి టార్చి వెలుగుకు అడ్డం పెట్టాడు. సున్నం చిలకరించినట్టు చిన్న చిన్న చుక్కలు. తర్వాత టార్చి గట్టు వెంట తిప్పాడు. ఒడ్డు పొడుగునా రొయ్యలు నీళ్ల అంచుకు వచ్చి నిలబడి ఉన్నాయి, వాటి కళ్లు వెలుగుకు మెరుస్తున్నాయి. “పారిపోదామని చూస్తన్నాయి సార్” అన్నాడు. వారం తిరక్కుండా అన్ని గుంటలూ పోయాయి.

ఆ రాత్రి గుడిసెలో అడిగాను, ఎందుకయ్యా ఒక్కసారే పన్నెండెకరాలు అని. నేను సంతకం పెట్టి నేనే అడగడం చూడు! ఆయన కాసేపు మాట్లాడలేదు. కూతుర్ని నెల్లూరులో హాస్టల్లో వేశాడు. ఇంటి మీద మేడ లేపుతున్నాడు, స్లాబు పడాలి. షాపులో గుమస్తాగా ఉన్న తమ్ముణ్ని మాన్పించి గుంటల మీద పెట్టాడు. “మూడెకరాల మీదే ఉంటే ఇయ్యన్నీ ఎట్ట నడుస్తాయి సార్?” అన్నాడు. రెండేళ్ల ముందు ఈ ఖర్చుల్లో ఒక్కటి కూడా లేదు. అవి లేనప్పుడు ఆయనకు లోటుగానూ లేదు. ఒకసారి వచ్చాక మాత్రం వాటిని పోగొట్టుకోవడం చావుతో సమానం అయిపోయింది. నూరు రూపాయలు దొరికిన సంతోషం కంటే నూరు పోయిన బాధ పెద్దదని కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. ఆ సంగతి నాకు తెలియదు, గట్టు మీద మాత్రం చూశాను.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి దగ్గరగా ఉన్న గుంటలు తీసేయమంది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2009లో వనామి అనే కొత్త రకం రొయ్య వచ్చింది, గుంటలు మళ్లీ నిండాయి. ఆయన అప్పులు తీరడానికి పదకొండేళ్లు పట్టింది. ఇప్పుడు అవే మూడెకరాల్లో కొడుకు వనామి వేస్తున్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రేట్లు ఎటుపోతాయో అని తీరమంతా టెన్షన్ పడింది. నేను ఉండబట్టలేక ఆయనకే ఫోన్ చేశాను. “మాది మూడెకరాలే గదా సార్, తప్పదనుకుంటే ఒక పంట ఆపుకుంటాం” అన్నాడు. ఆ ‘ఆపుకుంటాం’ అనే మాట 1994లో ఆయన నోట రాలేదు. అప్పటికంటే ఇప్పుడు ఆయన ఆస్తి ఎక్కువే, ఆదాయమూ ఎక్కువే. మరి డబ్బు పెరిగితే దురాశ పెరగాలి కదా?

ఇది రొయ్యలకే అనుకోకు. మీ వైపే చూడు. 2024లో నల్ల బర్లీ పొగాకుకు మంచి రేటు పలికింది. ఆ రేటు చూసుకుని శనగ వేసేవాళ్లు, మిర్చి వేసేవాళ్లు కూడా మరుసటి ఏడాది బర్లీ వేశారు. 2025లో సరుకు గుట్టలు పడింది, కంపెనీలు కొనడానికి వెనకాడాయి, చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ అనే సహకార సంస్థ చేత కొనిపించాల్సి వచ్చింది. వాళ్లందర్నీ దురాశపరులంటే నేను ఒప్పుకోను. పోయినేటి రేటుతో ఈ ఏటి కౌలు కట్టారు, అంతే.

నన్ను నేను వదిలేసి రాస్తే అబద్ధమవుతుంది. కృష్ణపట్నం పోర్టు 2008లో మొదలైంది. దానికి ముందు నుంచే ముత్తుకూరు దారిలో ఎక్కడ చూసినా జెండాలు పాతిన లేఅవుట్లు. 2007లో ఒక ప్లాటు కొని ఏడాదికే రెట్టింపుకు అమ్మాను. అది నా మొదటి పట్టుబడి. వెంటనే పీఎఫ్‌లో లోన్ తీసి, మా ఆవిడ గాజులు కుదువపెట్టి రెండు ప్లాట్లు కొన్నాను. పెట్టిన డబ్బు తిరిగొస్తుందో లేదో తూచే అప్రైజల్ జనాలకు నేర్పే మనిషిని నేను! లేఅవుట్‌కు అనుమతులు వస్తున్నాయి అన్నారు, నలభై అడుగుల రోడ్డు అన్నారు. అనుమతులూ రాలేదు, రోడ్డు ఇప్పటికీ బ్రోచర్‌లోనే ఉంది. ప్లాట్లలో సర్కారు తుమ్మ మొలిచింది. గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. మా ఆవిడ ఈ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ దారిలో కారులో వెళ్తున్నప్పుడు మాత్రం అటువైపు చూడదు, ఇవతలి కిటికీలోంచి చూస్తుంది.

నాకు ఆ ప్లాట్లు ఎందుకు కావాల్సి వచ్చాయి? తిండికి లోటు లేదు, పిల్లలు చదువుకుంటున్నారు. మా బ్రాంచిలో క్లర్కు ఒకడు నాలుగు ప్లాట్లు కొన్నాడు. ఉన్న సంగతి అది. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగులకు తోటివాళ్ల జీతాలు చూసుకునే వెబ్‌సైట్ సంగతి చెప్పి, తర్వాత వాళ్లనే అడిగి చూశారు. 2012లో ఆ పరిశోధన అచ్చయింది. తోటివాళ్లతో పోలిస్తే తక్కువ వస్తున్నవాళ్లు తమ ఉద్యోగం మీద అసంతృప్తి పెంచుకున్నారు. ఎక్కువ వస్తున్నవాళ్లకు ఆ సంగతి తెలిసి కొత్తగా ఒరిగిన సంతోషం ఏమీ లేదు. చూసినందువల్ల ఎవరికీ లాభం లేదన్నమాట. మనకైతే వెబ్‌సైట్ కూడా అక్కర్లేదు, ఒక్క పెళ్లికి వెళ్తే చాలు. ‘మీవాడికి ప్యాకేజీ ఎంత?’ భోజనాల దగ్గరే అడుగుతారు. పెళ్లికొడుకు జీతం పెరిగేకొద్దీ కట్నం పెరిగే మన ఆచారం ఉంది చూడు, ఇల్లు మొత్తం కలిసి చేసే దురాశ అంటే అదీ. 1961 నుంచి చట్టం ఉంది. జీతం స్లిప్పు చూపించి బేరమాడే పెద్దమనుషులు మాత్రం పిల్లవాడికి ఆశ ఎక్కువైందని తీర్పు చెబుతుంటారు.

డబ్బు ఎంత అన్నదాని కంటే ఎవరి చేతిలో పడుతుందన్నది ఇంకో విషయం. నెల్లూరు జిల్లాలో కలిగిరి దగ్గర దూబగుంటలో 1990ల మొదట్లో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ గొడవ రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. కూలి డబ్బు సారా కొట్టుకు పోతుంటే కూలి రేటు ఎంత పెరిగితే మాత్రం ఆ ఇంటికి ఏమిటి? నీ ఇంట్లో ఇలాంటిది లేదు సరే. కానీ నీ 1 లక్షా 90 వేలల్లో నీ భార్య అడక్కుండా ఖర్చుపెట్టగలిగేది ఎంత అని ఒకసారి ఆలోచించు. నువ్వు ఆ సంగతి రాయలేదు కాబట్టి నేను అంతకంటే వెళ్లను.

రొట్టెల పండక్కి నెల్లూరు ఎప్పుడైనా వచ్చావా? మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నడుముల్లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ధనం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. ఏది కావాలో ఆ రొట్టె పట్టుకుంటావు. కోరిక తీరితే మరుసటేడు నువ్వే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. నేను చాలా ఏళ్లు వెళ్లాను. ధనం రొట్టె దగ్గర ఒకే మనిషి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకోవడం చూసి మొదట్లో నవ్వుకునేవాణ్ని. ప్లాట్ల తర్వాత నవ్వడం మానేశాను. ఇచ్చేది తీరిన కోరికకు, పుచ్చుకునేది తీరాక మొదలైన ఖర్చులకు.

సరే, నీ లెక్కకు వద్దాం. 18 వేలప్పుడు హాయిగా ఉన్నానన్నావు. అప్పుడు నీ తిండి ఇప్పటికంటే బాగుందా? లేదు. నలుగురితో కలిసి ఒక గదిలో ఉండి ఉంటావు. ఆ ఉద్యోగం పోతే ఏం చేసేవాడివి? రాత్రి బస్సెక్కి కందుకూరులో దిగేవాడివి, అమ్మ అన్నం పెట్టేది, రెండు నెలల్లో ఇంకోటి వెతుక్కునేవాడివి. ఇప్పుడు రెండు నెలలు ఖాళీగా ఉంటే 1 లక్షా 90 వేలు, అంటే నీ నెల జీతం మొత్తం, కిస్తీలకే పోవాలి. తిండి, స్కూలు ఫీజు వేరే. నీ హాయి పోయింది ఇక్కడ అని నా అంచనా. జీతం పదింతలు పెరిగింది, కానీ నువ్వు ‘ఆపుకుంటాం’ అనే స్థితిలో లేవు. మేనేజరు గొంతు కాస్త మారితే నీకు గుండె దడ వస్తుందని పందెం కాస్తాను.

దీన్ని నేను దురాశ అనను. ఇల్లు కొన్నావు, మంచిదే. కారు అవసరం ఉండొచ్చు. నాకు నచ్చనిది ఆ పర్సనల్ లోను. దేనికి తీసుకున్నావో నువ్వు చెప్పలేదు. నా అనుభవంలో జీతగాళ్లు పర్సనల్ లోన్ తీసుకునేది ఇంట్లో ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడైనా, లేదంటే గృహప్రవేశానికి నాలుగొందల మందిని పిలిచినప్పుడైనా. మొదటిదైతే నన్ను క్షమించు.

కొత్త కంపెనీకి వెళ్లొద్దని చెప్పను. వచ్చే డబ్బును కాలదన్నమని చెప్పే పెద్దమనిషిని కాను. ఆ ఆఫర్ లెటర్‌లో మాత్రం రెండు అంకెలు విడదీసి చూడు. నెల నెలా ఖాయంగా పడేది ఎంత, బోనస్, షేర్లు, జాయినింగ్ డబ్బు పేరుతో రాసింది ఎంత. మొదటిది మూడెకరాల గుంట. రెండోది 1993 రేటు. రెండో దాని మీద ఒక్క రూపాయి కిస్తీ కూడా పెట్టుకోకు, వచ్చిన రోజు వచ్చిందనుకో. కొత్త జీతం మొదలయ్యాక ఒక ఏడాది పాత జీతంతోనే ఇల్లు నడుపు. కష్టమేమీ కాదు, ఇప్పుడు నడుపుతున్నావుగా. పన్ను పోను నెలకు యాభై వేలు అదనంగా చేతికొస్తుందనుకుందాం. ముందు పర్సనల్ లోన్ మూసెయ్, దాని వడ్డీయే అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. ముందుగా కడితే ఛార్జీ వేస్తారేమో నీ అగ్రిమెంట్‌లో చూసుకో. తర్వాత ఆరు నెలల కిస్తీలు, ఇంటి ఖర్చు కలిపి ఎఫ్‌డీలో పెట్టు. అది అయ్యాక ఇంటి లోన్‌లో అసలు తగ్గించు, ఫ్లోటింగ్ రేటైతే ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు. ఏడాది తిరిగేసరికి ఆ 95 వేలు 75 వేలకు దిగిందనుకో, అప్పుడు నీ జీతం నిజంగా పెరిగినట్టు. అదే 1 లక్షా 30 వేలు అయి కూర్చుందనుకో, నువ్వు ఏ కంపెనీలో ఉన్నా పన్నెండెకరాల లీజులో ఉన్నట్టే.

రెండో ఫ్లాటు ఊసు ఎవరైనా ఎత్తితే నాకు ఫోన్ చెయ్యమను, ముత్తుకూరు దారిలో రెండు ప్లాట్లు చూపిస్తాను.

ఇక మీ నాన్న మాట. ఆశ ఎక్కువైందిరా అన్నాడని నొచ్చుకున్నట్టున్నావు. ఆయన నీ జీతం గురించి అంటున్నాడని నేను అనుకోవడం లేదు. 2015లో నేను టంగుటూరు వైపే ఉన్నాను. ఆ సీజన్‌లో పొగాకు ధర కుప్పకూలింది, ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అంతకుముందు మంచి రేట్లు చూసి బ్యారన్లు, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదులు, కౌలుకు తీసుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. వేలం కేంద్రం నుంచి నో బిడ్, అంటే పాడేవాళ్లు లేరు అని వెనక్కి పంపిన బేళ్లు ట్రాక్టర్ మీద వేసుకుని, తెచ్చిన దారినే తిరిగి వెళ్తుంటే రైతు ముందు సీటులో కూర్చోడు, వెనక బేళ్ల మీద కూర్చుంటాడు. ఎందుకో నాకు తెలియదు, చాలామందిని అలాగే చూశాను. అప్పటికి నువ్వు ఉద్యోగంలో చేరి ఏడాది. ఆ ఏడు ఇంటికి ఎంత పంపావో, ఆయన ఎంత అడిగాడో, ఎంత అడగలేకపోయాడో నీకు గుర్తుందా? ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ ఏడు ఎన్ని బేళ్లు వెనక్కి తెచ్చుకున్నాడో అడుగు. ఆయన చెబుతున్నంతసేపు ఫోన్ పక్కన పెట్టు.